టచ్ ఫోను మానాలంటే ముందు చిల్లర సర్దుకోవాలి

చీమకుర్తిలో దిగాల్సినవాణ్ణి పొదిలిలో దిగాను. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అందులో సగం సర్వీసు ఒంగోలు-పొదిలి-కనిగిరి రోడ్డు మీదే. సంతనూతలపాడు దాటిన కాసేపటికి, బయటికి చూడకుండానే "చీమకుర్తి వాళ్ళు ముందుకు రండి" అని కేకేసేవాణ్ణి. ఆ రోజు మా చెల్లెలింటికి వెళ్తూ కిటికీ పక్కన కూర్చుని, ఫోనులో ఎవరో లారీ టైరు మారుస్తున్న వీడియో చూస్తున్నాను. అది అవగానే ఇంకోటి. దాని వెనకాల ఇంకోటి. తలెత్తి చూసేసరికి గ్రానైట్ లారీలు లేవు, క్వారీ గుట్టలు లేవు, ఎదురుగా పొదిలి బస్టాండు. కుర్ర కండక్టరు నన్ను గుర్తుపట్టి, "ఏంది గురువుగారూ, మీరే స్టేజీ దాటితే ఎట్టా?" అని నవ్వి, చీమకుర్తి నుంచి పొదిలికి టికెట్ కొట్టాడు. కొట్టాల్సిందే. నేనైనా కొట్టేవాణ్ణి.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. ఆ నెలాఖరుకు కీప్యాడ్ ఫోను కొన్నాను.

ఫోను తీసి బీరువాలో పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. అయితే ఆ ఫోను చేసే పనులు ఎక్కడికీ పోవు. ఇంటావిడ ఫోను మీదో, కొడుకు ఫోను మీదో, క్యూలో వెనక నిలబడ్డ కుర్రాడి ఫోను మీదో పడతాయి. మొదటి రెండు నెలలు నా విషయంలో జరిగింది అదే. మా ఆవిడ ఒకరోజు తేల్చి చెప్పింది: "మీరు ఫోను మానేశారని బజారంతా గొప్పగా చెప్పుకుంటున్నారు. నాకేమో రెండు ఫోన్ల చాకిరీ." నిజమే. అప్పటి నుంచి నా పనులు నేనే చేసుకునే దారి వెతికాను. మానేయాలని మనసులో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. తెల్లకాగితాల మీద నేను రాసిస్తే మా మేనకోడలు టైపు చేస్తోంది. ఈ ఒక్కటీ ఆమె మీద పడిందని ఒప్పుకుంటున్నాను.

ముందు పదిహేను రోజుల లెక్క

ఒక్కరోజులో మానొద్దు. పది రూపాయల నోటుబుక్కు కొని, పదిహేను రోజులు ఫోను తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో రాయండి. డ్యూటీలో మేము స్టేజీ స్టేజీకీ ఎస్సార్ రాసేవాళ్ళం. ఏ స్టేజీలో ఎన్ని టికెట్లు కొట్టామో అందులో ఉంటుంది. చెకింగ్ వాళ్ళు బస్సెక్కితే ముందు చూసేది దాన్నే. ఇదీ అలాంటిదే, చెకింగ్ మీదే, బస్సూ మీదే.

నా బుక్కులో చివరికి తేలిన అసలు పనులు ఇవి: బ్యాంకు ఓటీపీ, కూరగాయలకూ పాలకూ డబ్బులు, గ్యాసు, కరెంటు బిల్లు, అప్పుడప్పుడూ రైలు టికెట్, మనవడి వీడియో కాలు, రిటైరైన మా డిపో వాళ్ళ వాట్సాప్ గ్రూపు. మిగతా పేజీలన్నీ "ఊరికే", "ఊరికే", "ఊరికే". ఒక పేజీలో వరసగా పదకొండు సార్లు రాసుకున్నాను. సిగ్గేసింది, కానీ కొట్టేయలేదు.

ఒక్కో పనికీ ఎదురుగా రెండు గళ్ళు గీయండి. ఒకదాంట్లో "ఇంకెట్లా చేయొచ్చు", రెండోదాంట్లో "ఎవరి మీద పడుతుంది" అని రాయండి. రెండో గడిలో ఎవరి పేరైనా వచ్చిందంటే, ఆ పనికి ఇంకా దారి దొరకనట్టే లెక్క.

ఈ లెక్క వేశాక కొందరికి మానకూడదనే తేలుతుంది. మా బావమరిదికి కొత్తపట్నం వైపు రొయ్యల చెరువు ఉంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంటు అంటారు. పొద్దున్నే ఆ కౌంటు రేట్లు వాట్సాప్‌లో వస్తాయి. అది చూడకుండా సరుకు పట్టిస్తే నష్టం వాడిదే. బడిపిల్లల తల్లులకు హోంవర్కు కూడా గ్రూపులోనే వస్తోంది. అలాంటివాళ్ళకు నేను చెప్పేది వేరే. టచ్ ఫోనును ఇంట్లో ఒకచోట, ఛార్జరు పక్కనే మేకుకు సంచి తగిలించి, అందులో పెట్టండి. వెనకటి ల్యాండ్‌లైను లాగా పని ఉంటే దాని దగ్గరికి వెళ్ళి, నిలబడి చూసుకుని రండి. జేబులో మాత్రం కీప్యాడే ఉండాలి. మా బావమరిది ఇప్పుడు అట్లాగే చేస్తున్నాడు. నిలబడి ఎంతసేపు చూస్తాం, కాళ్ళు లాగుతాయి.

నంబరు మార్చొద్దు

చాలామంది కొత్త ఫోనుతో పాటు కొత్త సిమ్ తీసుకుంటారు. ఆ పని చేయొద్దు. ఆధార్‌కూ బ్యాంకుకూ గ్యాసుకూ పీఎఫ్‌కూ ఇచ్చింది పాత నంబరే. ఓటీపీలన్నీ ఎస్సెమ్మెస్‌గా వస్తాయి, ఎస్సెమ్మెస్ చూడటానికి కీప్యాడ్ ఫోను చాలు. కొనేముందు మాత్రం మీ సిమ్ ఏదో చెప్పి అడగండి. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ మామూలు 2జీ కీప్యాడ్ ఫోనులో పలకదు. 4జీ కీప్యాడ్ ఫోను కావాలి. నాది ఎయిర్‌టెల్, మామూలు ఫోనులోనే పనిచేస్తోంది.

రీఛార్జి దగ్గర కొట్టు కుర్రాడు రోజుకు ఇన్ని జీబీలంటూ డేటా ప్యాకులే చూపిస్తాడు. డేటా లేని ప్యాకు అడగండి. కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే వేరే ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో ఫోను కంపెనీలకు రూల్సు పెట్టే ట్రాయ్ చెప్పింది. ఆ తర్వాతే ఇవి వచ్చాయి. నేను వేయించినప్పుడు ఏడాదికి 1849 రూపాయలు, కాల్స్ ఎన్నయినా, ఎస్సెమ్మెస్‌లు 3600. కుర్రాడు మొదట "అట్టాంటిది లేదు పెద్దాయనా" అన్నాడు. "నువ్వు కిందికి జరిపి చూడు" అన్నాను. ఉంది.

సిమ్ తీసే ముందు రెండు పనులు. మొదటిది నంబర్లు. టచ్ ఫోనులో కనపడే పేర్లన్నీ సిమ్‌లో ఉన్నాయనుకుంటాం. చాలావరకు గూగుల్ ఖాతాలో ఉంటాయి, సిమ్‌తో పాటు రావు. చిన్న టెలిఫోన్ బుక్కులో చేత్తో ఎక్కించుకోండి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. "రాజు ఏసీ", "రాజు కొత్త", "రాజు 2" అని ముగ్గురున్నారు, ఇద్దరెవరో ఇప్పటికీ తెలియదు.

రెండోది వాట్సాప్. ఊరికే ఫోను కట్టేస్తే అవతలివాళ్ళకు మన పేరు కనపడుతూనే ఉంటుంది, పంపిన మెసేజీకి ఒకటే టిక్కు పడి ఆగిపోతుంది. నాతో పాతికేళ్ళు ఒకే బస్సు తిప్పిన డ్రైవరు వాళ్ళమ్మ పోతే, పెద్దకర్మ కబురు వాట్సాప్‌లో పెట్టాడు. నేను చూడలేదు, వెళ్ళలేదు. నెల తర్వాత అద్దంకి బస్టాండు దగ్గర ఎదురుపడి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఇంటికెళ్ళి కూర్చుని మాట్లాడితే గానీ సర్దుకోలేదు. అందుకని సెట్టింగుల్లోకి వెళ్ళి ఖాతానే తీసేయండి. తీసేముందు ముఖ్యమైన ఓ ఇరవై మందికి ఫోను చేసి, "చావయినా పెళ్ళయినా నాకు ఫోను కొట్టండి, లేకపోతే ఒక ఎస్సెమ్మెస్ పెట్టండి" అని చెప్పండి. గ్రూపులో పెడితే సరిపోదు, నోటితో చెప్పాలి. మా గ్రూపులో ఒకాయన నాకు కబురు చేసే బాధ్యత తనే తీసుకున్నాడు. అందుకు బదులుగా ఆయన డిపోకు రాసే అర్జీలన్నీ నేను రాసిపెడుతున్నాను.

ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి ఉంటే వాటిలోంచి కూడా బ్యాంకు ఖాతా తీసేశాకే సిమ్ బయటికి తీయండి. అమ్మకాల కాల్స్ బెడద పోవాలంటే ఇంగ్లీషులో స్టార్ట్ 0 అని కొట్టి 1909కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్యాంకు మెసేజీలు ఆగవు.

చిల్లర

అసలు కథంతా ఇక్కడే ఉంది. కాస్త విసుగనిపించినా చదవండి.

నేను డ్యూటీ ఎక్కినప్పుడు బస్సులో పోట్లాటలన్నీ చిల్లర గురించే. ఉదయం మొదటి ట్రిప్పులో అందరి దగ్గరా పెద్ద నోట్లే ఉంటాయి. రావాల్సింది టికెట్ వెనక రాసిచ్చేవాళ్ళం, దిగేటప్పుడు అడిగి తీసుకునేవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒక నోటిచ్చి, "దిగాక మార్చుకోండి" అనేవాళ్ళం. అలా మార్చుకుంటూ వియ్యమందుకున్న రెండు కుటుంబాలు నాకు తెలుసు. ఇప్పుడు సంతపేటలో కొత్తిమీర కట్ట కొన్నా స్కానరే. కాబట్టి అమ్మేవాళ్ళ దగ్గర చిల్లర ఉండదు. మనం నగదు ఇస్తామన్నామంటే చిల్లర బాధ్యత మనదే. అమ్మేవాళ్ళది కాదు, ఇది ఒప్పుకుని మొదలుపెట్టండి.

నెలకు రెండుసార్లు డబ్బు తీస్తాను. ఏటీఎం అయితే సొంత బ్యాంకుదాంట్లో నెలకు 5 సార్లు ఉచితం, ఆపైన ఒక్కోదానికి 23 రూపాయల దాకా పట్టుకుంటారు, 2025 మే 1 నుంచి ఇదే లెక్క. ఏటీఎంలో వచ్చేవి ఐదొందలే ఎక్కువ. అందుకని నేను పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకే వెళ్ళి, విత్‌డ్రాయల్ ఫారం రాసి, క్యాషియరును పదుల కట్ట ఒకటి, ఇరవైల కట్ట ఒకటి అడుగుతాను. కట్టకు వంద నోట్లు. పదుల కట్ట వెయ్యి, ఇరవైల కట్ట రెండు వేలు. ఒకటో తారీకునా సోమవారమూ వెళ్ళొద్దు. వారం మధ్యలో, భోజనాల వేళ కాకుండా వెళ్తే ఇస్తారు. నాణేలు కూడా అడగండి, కొన్నిసార్లు వాళ్ళే వదిలించుకోవాలని చూస్తుంటారు. పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవరైనా అంటే, 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పిందని చెప్పండి. విన్నవాళ్ళు వింటారు, విననివాళ్ళకు నోటే ఇవ్వండి. పది రూపాయల కోసం గొడవెందుకు.

చొక్కా జేబులో నాణేలూ పదులూ ఇరవైలూ, లోపలి జేబులో యాభైలూ వందలూ, ఐదొందలు సంచిలో. కూరగాయల ఆమెకు బోణీ వేళ ఐదొందలు చూపించొద్దు, ఆమె నోట్లోంచి వచ్చేది రోజంతా మనకే తగులుతుంది. ఐదొందలు మార్చడానికి పెట్రోలు బంకు మంచిది, సాయంత్రం పూట కిరాణా కొట్టు మంచిది. ఊళ్ళో ఏ వేళకైనా చిల్లర ఉండేది వైన్ షాపులో. కానీ చిల్లర కోసమే నిలబడ్డానంటే మా వీధిలో ఎవరు నమ్ముతారు?

ఎప్పుడూ కొనే కొట్లలో టికెట్ వెనక రాసుకున్నట్టే చేస్తున్నాను. ఏడు రూపాయలు నాకు రావాలంటే నా బుక్కులో నేనూ, ఆయన బుక్కులో ఆయనా రాసుకుంటాం. చిల్లరకు బదులు చాక్లెట్ ఇస్తే తీసుకోను.

కొన్నిచోట్ల నగదే తీసుకోరు. అప్పుడు పక్కన నిలబడ్డవాళ్ళను "బాబూ, నువ్వు స్కాన్ చేయి, నీకు డబ్బులిస్తాను" అని అడుగుతాం. సరిగ్గా చిల్లర చేతిలో పట్టుకునే అడగండి. నోటు చూపించి అడిగితే వాళ్ళకు రెండు ఇబ్బందులు. నేనైతే నెలకు రెండుసార్లకు మించి అడగనని గీత గీసుకున్నాను, అదీ నోటుబుక్కులో రాస్తాను.

ఎవరికైనా దూరం నుంచి డబ్బు పంపాలంటే కీప్యాడ్‌లోనూ దారి ఉంది. *99# కొడితే ఇంటర్నెట్ లేకుండానే యూపీఐ తెరుచుకుంటుంది. మొదటిసారి పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ కావాలి. ఒక్కసారికి 5000 రూపాయల వరకే. పంపాల్సిన నంబరు ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి. ఆలోచిస్తూ కూర్చుంటే మెనూ మధ్యలోనే మూసుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి. నేను మూడోసారికి గెలిచాను. ఇది కాక కీప్యాడ్ ఫోన్ల కోసమే యూపీఐ 123పే అని 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు తెచ్చింది, కాల్ చేసి అంకెలు నొక్కుతూ పంపేది. నాకు మాత్రం *99# అలవాటైంది. ఏడాది మొత్తంలో ఆరుసార్లు వాడానేమో. రోజూ వాడేంత తీరుబడి దానికీ లేదు, నాకూ లేదు.

ఆఫీసు పనులు

మన ఆంధ్రా గవర్నమెంటు ఏకంగా వాట్సాప్‌లోకి వచ్చేసింది. 2025 జనవరి 30న మన మిత్ర మొదలైనప్పుడు 95523 00009 నంబరులో 161 సేవలన్నారు. మంచిదే, మా ఆవిడ దాంట్లోనే పని చేసుకుంటోంది. వాట్సాప్ లేనివాళ్ళు తమ గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్ళాలి. 2019 అక్టోబరు 2 నుంచి ఉన్నాయి కాబట్టి మీ వార్డుది ఎక్కడో తెలిసే ఉంటుంది. అక్కడి సిబ్బంది చేస్తారు. అది వాళ్ళ ఉద్యోగం కాబట్టి, అక్కడ పని చేయించుకోవడం ఎవరి మీదో పడటం కిందికి రాదని నా తీర్పు. లేదంటే మీసేవ, రుసుము ఇస్తాం కాబట్టి అక్కడా మొహమాటం అక్కర్లేదు.

నాది పీఎఫ్ పింఛను. ఏటా బతికే ఉన్నానని డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర వేసి ఇవ్వొచ్చు, ఆధార్, పీపీవో (పింఛను మంజూరు కాగితం) నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ఓటీపీ రావడానికి ఫోను ఉంటే చాలు. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. నా వేళ్ళు ముప్పై ఏళ్ళు నోట్లు లెక్కపెట్టి అరిగిపోయాయి, ముద్ర పడలేదు. మూడుసార్లు కడుక్కొచ్చినా పడలేదు. చివరికి కౌంటరులోని అమ్మాయి తన ఫోనుతో నా మొహం తీసి పూర్తిచేసింది. "కళ్ళార్పండి తాతా" అంది. ఆర్పాను, బతికే ఉన్నానని తేలింది.

గ్యాసు సులువు. మాది ఇండేన్, రిజిస్టరైన నంబరు నుంచి 84549 55555కి మిస్డ్ కాల్ ఇస్తే బుక్కవుతుంది. తెచ్చినతనికి చెప్పాల్సిన కోడు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. కరెంటు బిల్లు కౌంటరులో కట్టి, రసీదు మేకుకు గుచ్చుతాను.

రైలుకు స్టేషన్లో ఫారం నింపాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి. ఇప్పుడు కౌంటరులో తత్కాల్ తీసుకున్నా ఓటీపీ అడుగుతున్నారు, అదీ ఎస్సెమ్మెస్సే. కాబట్టి ఫోను ఇంట్లో మరిచిపోయి వెళ్ళొద్దు. నేను వెళ్ళాను. ఏసీకి 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తెరుస్తారు. నేను ఇంటికెళ్ళి ఫోను తెచ్చేసరికి వెయిటింగ్ లిస్టు. బస్సు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళకు స్త్రీశక్తి ఉచిత టికెట్‌కు ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు.

బయటికి వెళ్తే ఒక చిన్న గుడ్డ సంచి: ఆధార్, పాస్‌బుక్, నాలుగేసి జిరాక్సులు, పెన్ను, టెలిఫోన్ బుక్కు. డ్యూటీలో భుజాన ఉండే తోలు సంచి పోయి ఇది వచ్చింది. భుజానికి కూడా ఏదో ఒకటి ఉంటేనే బాగుందట.

తగ్గనివి కొన్ని

మొదటి ఇరవై రోజులు చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది. ఆ జేబులో నాణేల పర్సు పెట్టాను. తీసి లెక్కపెట్టుకుని మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. పిచ్చిపనే, కానీ నలభై మూడు రూపాయలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా నలభై మూడే, రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. వీడియోలతో ఆ సుఖం లేదు.

కీప్యాడ్ పట్టుకుంటే మోసాలు దగ్గరికి రావనుకోవద్దు. ఓటీపీ అడిగేవాళ్ళు దీనికీ ఫోను చేస్తారు. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. ఈ నంబరు నా టెలిఫోన్ బుక్కు అట్ట మీదే రాసి ఉంది.

మనవడి సంగతికి మాత్రం సరైన దారి దొరకలేదు. వాడికి నాలుగేళ్ళు, హైదరాబాదులో ఉంటాడు. ఫోనులో మాట్లాడమంటే "ఊ" అంటాడు తప్ప మాట్లాడడు, బొమ్మలు చూపించడమే వాడి మాట. ఆదివారం సాయంత్రం 7 గంటలకు కోడలు మా ఆవిడ ఫోనుకు వీడియో కాల్ చేస్తుంది. నేను పక్కన కూర్చుంటాను. ఇది మా ఆవిడ మీద పడ్డ పనే, బుక్కులో రెండో గడిలో ఆవిడ పేరు అట్లాగే ఉంది. బదులుగా పొద్దున పాలకూ పేపరుకూ నేను వెళ్తున్నాను. ఆవిడ లెక్కలో అది చాలదు.

పాత ఫోను వెంటనే అమ్మేయొద్దు. ఆరు నెలలు ఉంచండి, ఇరవై రోజులకోసారి కాస్త ఛార్జి పెట్టండి. మరిచిపోయిన ఫొటోలో, ఏదో పాస్‌వర్డో దాంట్లోనే ఉంటుంది. అమ్మేటప్పుడు ముందు గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించండి. నేను ఇప్పటికి రెండుసార్లు బీరువాలోంచి తీశాను. ఒకసారి మా చెల్లెలి పెళ్ళి ఫొటో కోసం. రెండోసారి పనేమీ లేదు, మా ఆవిడ గుడికి వెళ్ళింది, నలభై నిమిషాలు లారీ టైర్ల వీడియోలు చూశాను. ఆవిడకు చెప్పలేదు. ఇది టైపు చేస్తూ మేనకోడలు "మావయ్యా, ఈ ముక్క ఉంచనా తీసేయనా?" అని అడిగింది. ఉంచమన్నాను.